ఓడ ఆయుష్షు ఇంజిన్ చేతిలో ఉండదు: రజులా స్టీమర్ కథ

1926లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ రెండు ప్రయాణికుల స్టీమర్లు కట్టించుకుంది. రెండూ దాదాపు ఒకే నమూనా, రెండూ మద్రాసు - సింగపూర్ దారి కోసమే. ఒకటి రజులా. దాన్ని స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో బార్క్లే కర్ల్ కంపెనీ కట్టింది. రెండోది రోహ్నా, ఇంగ్లండ్‌లో టైన్ నది ఒడ్డున హాథార్న్ లెస్లీ వాళ్ల పని. రోహ్నా 17 ఏళ్లకే సముద్రంలో మునిగిపోయింది. రజులా మాత్రం యుద్ధకాలం తప్ప మిగతా జీవితమంతా దాదాపు ఒకే దారిలో తిరిగి, 1974లో బొంబాయిలో ముక్కలయ్యేదాకా బతికింది. అంటే 48 ఏళ్లు.

ఆ కాలపు ప్రయాణికుల ఓడకు పాతికేళ్లో, మహా అయితే ముప్ఫై ఏళ్లో ఆయుష్షు. తర్వాత మరమ్మతుల ఖర్చు సంపాదనను మింగేస్తుంది. మరి గంటకు పన్నెండు పదమూడు నాటికల్ మైళ్లకు మించి పరిగెత్తలేని, పెద్ద హంగులేమీ లేని ఈ స్టీమర్ అంతకాలం ఎలా నిలిచింది? 'అప్పట్లో గట్టిగా కట్టేవాళ్లు' అని చాలామంది అంటారు. అందులో సగమే నిజం. అంతే గట్టిగా కట్టిన ఓడలు ఎన్నో రజులాకు చాలా ముందే తుక్కయ్యాయి. రజులా ఆయుష్షును నిలబెట్టింది దాని డెక్ (ఓడ అంతస్తు) మీద చాప పరుచుకుని పడుకున్న మనుషులు. దాన్ని ముగించిందీ వాళ్ల రాకపోకల్లో వచ్చిన మార్పే. ఇది అర్థం కావాలంటే ముందు ఆ ఓడ ఎలాంటిదో తెలియాలి.

రజులా సుమారు 8,500 టన్నుల ఓడ. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఇది ఓడ బరువు కాదు. గ్రాస్ టన్నేజీ అంటే ఓడ లోపలి ఖాళీకి కొలత. ఆ రోజుల లెక్కలో వంద ఘనపుటడుగుల చోటు ఒక టన్ను. అంటే రజులాలో దాదాపు ఎనిమిదిన్నర లక్షల ఘనపుటడుగుల చోటు ఉందన్నమాట. పొడవు 145 మీటర్లు. అట్లాంటిక్ మీద తిరిగే పెద్ద లైనర్ల పక్కన పెడితే చిన్న ఓడే. కానీ ఆ చోటును వాడిన పద్ధతి వేరు. మొదటి తరగతి, రెండో తరగతి క్యాబిన్లు కొద్దిమందికే. మిగతాదంతా డెక్ ప్రయాణికులకే. కొత్తలో రజులాకు ఐదు వేల మందికి పైగా డెక్ ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి ఉండేది. అంతకు ఐదారు రెట్లు పెద్దవైన అట్లాంటిక్ లైనర్లు కూడా అప్పట్లో అంతమందిని ఎక్కించుకునేవి కావు.

ఐదు వేల మందికి మంచాలు ఎక్కడివి? లేవు. డెక్ టికెట్ అంటే పడుకోవడానికి ఇంత అని కొలిచి ఇచ్చిన నేల మాత్రమే. కొందరికి పై డెక్ మీద గుడారపు గుడ్డ కింద, ఎక్కువమందికి దాని దిగువన ఉండే మధ్య డెక్కుల్లో. చాప, దుప్పటి, ఇత్తడి చెంబు, ట్రంకు పెట్టె ఎవరివి వాళ్లే తెచ్చుకునేవారు. ఒక్కొక్కరికి ఎన్ని చదరపుటడుగులు అన్నది చట్టం చెప్పేది. ప్రయాణం ఎన్నాళ్లు, వెళ్లేది మంచి వాతావరణంలోనా తుపానుల కాలంలోనా అన్నదాన్ని బట్టి ఆ లెక్క మారేది. అందుకే ఒకే ఓడకు రకరకాల ప్రయాణికుల అంకెలు కనిపిస్తాయి. రజులా గురించి చదివేటప్పుడు ఒకచోట ఐదు వేలు, మరోచోట రెండు వేల లోపు అని ఉంటే రెండూ నిజమే కావచ్చు. తర్వాతి దశాబ్దాల్లో నిబంధనలు బిగిసి, సౌకర్యాలు పెరిగి ఆ సంఖ్య బాగా తగ్గింది.

ఈ ఏర్పాటు మనుషులకు కష్టమే. ఎండాకాలంలో మధ్య డెక్కులో గాలి ఆడదు. సముద్రం ఎగిసిపడితే పక్కవాడి వాంతి మన చాప మీదికే వస్తుంది. రజులాను తలచుకుని మురిసిపోయే చాలా రాతలు ఈ సంగతి దాటేస్తాయి. పైనున్న భోజనాల హాలు, తెల్ల యూనిఫాం ఆఫీసర్లు గుర్తుంటారు, కింద ఉన్నవాళ్లు గుర్తుండరు. కానీ కంపెనీ లెక్కల పుస్తకంలో ఈ కటిక నేలకే విలువ ఎక్కువ. క్యాబిన్ కట్టిన చోటును ఇంకో పనికి వాడలేం. ఖాళీ డెక్కులో జనం లేని రోజు సరుకు ఎక్కించవచ్చు. నాగపట్నంలో ఉల్లిపాయలు, కూరగాయలు, బట్టల బేళ్లు మనుషులతో పాటే ఎక్కేవి. జనం తగ్గితే బస్తాలు, బస్తాలు తగ్గితే జనం. ఏ ప్రయాణమూ పూర్తి నష్టం కాకపోవడం వెనుక రహస్యం ఇదే.

ఇక ఇంజిన్. రజులాకు రెండు ప్రొపెల్లర్లు, వాటిని తిప్పడానికి పిస్టన్లతో నడిచే ఆవిరి యంత్రాలు. చెరకు గడను గానుగలో ఒకసారి పెట్టి వదిలేయకుండా, మళ్లీ మళ్లీ తిప్పి చివరి బొట్టు దాకా పిండినట్టు, బాయిలర్ నుంచి వచ్చిన ఆవిరిని ముందు చిన్న సిలిండర్‌లో, తర్వాత పెద్దదాంట్లో, ఆపైన ఇంకా పెద్దదాంట్లో వాడుకునే పద్ధతి అది. చివరికి మిగిలిన ఆవిరిని చల్లబరిచి, నీళ్లుగా మార్చి మళ్లీ బాయిలర్‌కు పంపేవారు. డీజిల్ ఇంజిన్‌తో పోలిస్తే ఇంధనం చాలా ఎక్కువ తాగుతుంది. కానీ నెమ్మదిగా తిరుగుతుంది, కాబట్టి అరుగుదల తక్కువ. ఏ భాగం పాడైనా ఓ మోస్తరు రేవులోని వర్క్‌షాపులో పోత పోసి, లేత్ మీద చెక్కి బిగించేయవచ్చు. ఇంధనం చవగ్గా ఉన్నంతకాలం ఇది మొండి యంత్రం. ఇంధనం ప్రియమైతే ఆ మొండితనం ఎందుకూ పనికిరాదు. దీని సంగతి మళ్లీ చివర్లో వస్తుంది.

ఓడ దారి మద్రాసులో మొదలు. నాగపట్నంలో ఆగేది. అక్కడ ఒడ్డు దాకా ఓడ రాలేదు కాబట్టి దూరాన లంగరు వేసి, జనాన్నీ సరుకునూ పడవల్లో తెచ్చి ఎక్కించేవారు. తర్వాత బంగాళాఖాతం దాటి పినాంగ్, అక్కణ్నుంచి పోర్ట్ స్వెటెన్‌హామ్ (ఇప్పటి క్లాంగ్ రేవు), ఆఖరుకు సింగపూర్. మొత్తం వారం రోజుల పైచిలుకు. డెక్ ప్రయాణికులకు దిగగానే ఊరు కనపడేది కాదు. పినాంగ్ దగ్గర జెరెజాక్ దీవిలోనో, సింగపూర్ దగ్గర సెయింట్ జాన్స్ దీవిలోనో క్వారంటీన్‌లో పెట్టి, రోగాలు లేవని తేలాకే వదిలేవారు. మశూచి, కలరా భయం అలాంటిది. పై క్లాసు వాళ్లకు ఈ బాధ చాలావరకు తప్పేది. రోగం టికెట్ చూసి రాదు, అయినా నిబంధన మాత్రం టికెట్ చూసే అమలయ్యేది.

ఎక్కేవాళ్లలో ఎక్కువమంది తమిళులు. మలయా (ఇప్పటి మలేషియాలోని ద్వీపకల్పం) రబ్బరు తోటల కోసం కూలీలను కంగాణీలు, అంటే కూలీ మేస్త్రీలు, ఊళ్ల నుంచి సమకూర్చేవారు. ఆవడి, నాగపట్నం శిబిరాల్లో కొన్నాళ్లు ఉంచి ఓడ ఎక్కించేవారు. టికెట్ డబ్బులు తోటల యజమానుల చందాలతో నడిచే వలసల నిధి నుంచి వచ్చేవి. ఆ జనంలో మనవాళ్లూ ఉన్నారు. విశాఖ, గోదావరి జిల్లాల నుంచి మద్రాసు మీదుగా వెళ్లిన తెలుగు కుటుంబాలు పేరాక్‌లోని బగాన్ దాతో కొబ్బరి తోటల్లోనూ, కెడా రబ్బరు తోటల్లోనూ స్థిరపడ్డాయి. 1955లో మలయాలో ఆంధ్ర సంఘం పెట్టుకునేటంత బలగం అక్కడ ఏర్పడింది. ఇప్పుడు దాన్నే మలేషియా తెలుగు సంఘంగా చూస్తున్నాం.

అయితే ఉత్తరాంధ్ర, గోదావరి జనానికి 'ఓడెక్కడం' అంటే ముందు గుర్తొచ్చేది మలయా కాదు, రంగం. అంటే రంగూన్. అక్కడికి మద్రాసు దాకా పోనక్కర్లేదు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల్లో ఆగుతూ వెళ్లే స్టీమర్లు ఉండేవి. వరి కోతలకూ, మిల్లుల్లో పనికీ, రేవులో బస్తాలు మోయడానికీ వెళ్లి డబ్బు కూడబెట్టుకుని వచ్చేవాళ్లు. ఆ దారిలో నడిచిన ఓడలు వేరు. రజులాను వాటితో కలిపేయకూడదు. కానీ వాటి కంపెనీ, డెక్ టికెట్ పద్ధతి, ప్రయాణికుడి కష్టం ఒకటే. విశాఖ హార్బర్‌లోకి 1933 అక్టోబర్ 7న మొట్టమొదట వచ్చిన ఓడ కూడా ఒక ప్రయాణికుల స్టీమరే, సింధియా కంపెనీ వారి జలదుర్గ. అంతకుముందు విశాఖలో ఓడ ఎక్కాలంటే అలల మీద మసూలా పడవలో వెళ్లాల్సిందే.

డెక్ ప్రయాణికులే రజులాకు ఆయుష్షు పోశారని ఎందుకన్నానంటే, 1930 నాటికి ప్రపంచమంతా మాంద్యం పాకింది. రబ్బరు ధర పడిపోయింది. మలయా ప్రభుత్వం కొత్త కూలీలను రప్పించడం ఆపేసింది. మామూలు లెక్కన కూలీల మీద బతికే ఓడ అప్పుడే మూలన పడాలి. కానీ పని పోయినవాళ్లను వెనక్కి పంపాలి కదా. రెండు మూడేళ్లలో లక్షకు పైగా కూలీలు మలయా నుంచి తిరిగొచ్చారు. వాళ్ల టికెట్లూ నిధి డబ్బులతోనే. మనుషుల బతుకు తలకిందులైనా ఓడలకు గిరాకీ పోలేదు. నాలుగేళ్ల కిందట కలలతో ఎక్కిన మనిషి అదే డెక్ మీద వట్టి చేతులతో తిరిగొచ్చి ఉండవచ్చు. కంపెనీకి మాత్రం రెండుసార్లూ ఒక టికెట్టే.

1938 జూన్‌లో మరో మలుపు. కూలి రేట్ల గొడవ మీద భారత ప్రభుత్వం మలయాకు నిధి డబ్బుతో సాగే కూలీల వలసను నిషేధించింది. అక్కడితో కంగాణీ కాలం ముగిసింది. కానీ అప్పటికే అక్కడ స్థిరపడినవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్లకు ఇక్కడ పెళ్లిళ్లు, పొలం తగాదాలు, ముసలి తల్లిదండ్రులు. సొంత డబ్బుతో టికెట్ కొనుక్కుని వచ్చిపోయేవాళ్లు డెక్కులు నింపారు. కూలీల ఓడ కుటుంబాల ఓడగా మారింది ఇలాగే. ఈ మార్పే రజులాకు రెండో జీవితమని నా అభిప్రాయం.

ఈలోగా యుద్ధం వచ్చింది. బ్రిటిష్ ఇండియా కంపెనీ తన ఓడల్లో సగం దాకా రెండో ప్రపంచ యుద్ధంలో పోగొట్టుకుంది. రజులా, రోహ్నా రెండూ సైనికులను మోసే పనిలోకి వెళ్లాయి. వేలమందిని ఎక్కించగల డెక్కులున్న ఓడ సైన్యానికి ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. 1943 నవంబర్ 26న అల్జీరియా తీరంలో వెళ్తున్న రోహ్నాను జర్మన్ విమానం వదిలిన బాంబు పేల్చేసింది. అది మామూలు బాంబు కాదు, రేడియోతో దారి మళ్లించగల బాంబు, ఇవాళ్టి క్షిపణులకు పూర్వరూపం. 1,138 మంది చనిపోయారు. వెయ్యి మందికి పైగా అమెరికా సైనికులు. శత్రువు దాడిలో సముద్రం మీద అమెరికా ఒకేసారి ఇంతమంది సైనికులను పోగొట్టుకున్న ఘటన మరొకటి లేదు. ఆ ఆయుధం సంగతి బయటపడకూడదని వివరాలను ఏళ్ల తరబడి దాచారు. ఇన్నేళ్ల తర్వాత అమెరికా కుటుంబాలు తమవాళ్ల పేర్లు రాయించుకుని స్మారకాలు కట్టుకున్నాయి. మంచిదే. అదే ఓడలో వందకు పైగా భారతీయ నావికులు కూడా పోయారు. బాయిలర్ గదిలో పనిచేసినవాళ్లు, సరంగులు, వంటవాళ్లు. వాళ్ల ఊళ్లలో ఆ రోజు ఎవరికైనా గుర్తుందా అన్న ఆలోచన నన్ను వదలదు.

రోహ్నాకూ రజులాకూ తేడా ఏమిటి? కట్టడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ బాంబు రజులా మీద పడి ఉంటే రజులా పోయేది. ఓడ ఆయుష్షు లెక్కలో అదృష్టానికీ ఒక వాటా ఉందని ఒప్పుకోవాలి. ఆ వాటా ఎంతో లెక్కకట్టే పద్ధతి లేదు.

యుద్ధం తర్వాత రజులా పాత దారికి వచ్చింది. అప్పటికి ఇరవై ఏళ్ల ఓడ. ఇక్కణ్నుంచి ముసలితనం లెక్క మొదలవుతుంది. ప్రయాణికుల ఓడకు ఏటా తనిఖీ ఉంటుంది. అదికాక నాలుగైదేళ్లకోసారి ప్రత్యేక సర్వే. ఓడను డ్రై డాక్‌లోకి (నీళ్లు తోడేసి ఓడను పొడినేల మీద నిలబెట్టే చోటు) ఎక్కించి, నీళ్లకింద ఉండే ఇనుప రేకులు ఉప్పుకు ఎంత తరిగాయో చూస్తారు. అప్పట్లో రేకుకు రంధ్రం వేసి మందం కొలిచేవారు. తరిగిన రేకు తీసి కొత్తది వేయాలి. బాయిలర్ గొట్టాలు మార్చాలి. ఒక్కో సర్వేకి బిల్లు పెరుగుతూ పోతుంది. ఏదో ఒక సర్వేకి ముందు యజమాని కూర్చుని మూడు అంకెలు చూసుకుంటాడు. ఈ మరమ్మతుకు ఎంత, వచ్చే నాలుగేళ్లలో ఓడ ఎంత సంపాదిస్తుంది, ఇవాళ తుక్కుకు అమ్మితే ఎంత? ఓడలు చచ్చిపోయేది సాధారణంగా సముద్రంలో కాదు, ఈ లెక్క దగ్గర. సర్వే గడువుకు కాస్త ముందు పాత ఓడలు ఎక్కువగా అమ్ముడుపోవడానికి కారణం ఇదే.

రజులా ఈ లెక్కను మళ్లీ మళ్లీ గట్టెక్కింది. ఎందుకంటే దాని స్థానంలో కొత్త ఓడ కట్టించడం ఏ కంపెనీకీ గిట్టుబాటయ్యే పని కాదు. డెక్ టికెట్ ధరకు కొత్త ఓడ ఖర్చు రాదు. మరోపక్క ఈ వ్యాపారానికి ఎన్నాళ్లు భవిష్యత్తు ఉందో ఎవరూ చెప్పలేని పరిస్థితి. 1953 నుంచి మలయా కొత్తగా వచ్చేవాళ్ల మీద గట్టి ఆంక్షలు పెట్టింది. 1969 తర్వాత పౌరసత్వం లేని తోట కూలీలకు వర్క్ పర్మిట్లు తప్పనిసరి అయ్యేసరికి వేలమంది మూటాముల్లె సర్దుకుని ఇండియాకు తిరిగొచ్చారు. మలయాలోనే పుట్టి, ఇండియాను ఎప్పుడూ చూడని పిల్లలు కూడా వాళ్లలో ఉన్నారు. ఇలా ఎటూ తేలని కాలంలో, అప్పు ఎప్పుడో తీరిపోయిన పాత ఓడే లాభం. కొత్త ఓడ కొంటే పదిహేనేళ్లు జనం వస్తారన్న భరోసా కావాలి. పాత ఓడకు వచ్చే ఏడాది మీద నమ్మకం ఉంటే చాలు.

చట్టాల సంగతి కూడా చెప్పాలి. సముద్ర భద్రతకు 1929లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరినా, డెక్ ప్రయాణికుల ఓడలకు దాని నుంచి సడలింపులు దొరికాయి. 1931లో సిమ్లాలో రాసుకున్న నియమాలు అందుకోసమే. మామూలు ప్రయాణికుడికి ఒక రక్షణ, డెక్ ప్రయాణికుడికి అంతకన్నా తక్కువ రక్షణ అని చట్టమే ఒప్పుకున్నట్టు. పేదవాడి టికెట్ చవగ్గా ఉండాలంటే తప్పదని వాదన. ఆ వాదనలో కొంత నిజం ఉంది, అన్యాయమూ ఉంది. 1961 ఏప్రిల్‌లో ఇదే కంపెనీకి చెందిన దారా అనే ఓడ గల్ఫ్‌లో పేలుడు జరిగి తగలబడినప్పుడు 238 మంది పోయారు. చివరికి 1971లో ఇలాంటి ఓడల కోసం ప్రత్యేక అంతర్జాతీయ ఒప్పందం, 1973లో ఒక్కో ప్రయాణికుడికి ఎంత చోటివ్వాలన్న దాని మీద మరో ఒప్పందం వచ్చాయి. మంచి నిబంధనలే. కానీ 1926 నాటి ఓడను ఆ కొలతలకు దించాలంటే ఖర్చు పెరుగుతుంది, ఎక్కించుకునే జనం తగ్గుతారు.

ఒక్కసారిగా దెబ్బలన్నీ కలిసి పడ్డాయి. డబ్బున్నవాళ్లు విమానం ఎక్కేశారు. 1971లో మాతృసంస్థ పీ అండ్ ఓ తన కంపెనీలన్నిటినీ కలిపేసి, బ్రిటిష్ ఇండియా ఓడలను తన విభాగాల కిందికి తెచ్చుకుంది. 1973లో రజులాను షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకు అమ్మేసింది. ఓడకు రంగత్ అని కొత్త పేరు పెట్టారు, అండమాన్‌లోని ఒక ఊరి పేరు. అదే ఏడాది అక్టోబర్‌లో చమురు సంక్షోభం వచ్చి, కొద్ది నెలల్లోనే ధర నాలుగింతలైంది. ఆవిరి యంత్రపు ఆకలి గురించి ముందు చెప్పాను కదా, దాని లెక్క ఇక్కడ తేలింది. 1974లో ఓడను బొంబాయిలో తుక్కుకు ఇచ్చేశారు.

ఓడను విడగొట్టడమంటే ఏం చేస్తారో క్లుప్తంగా చెప్తాను. పెద్ద పోటు వచ్చే రోజు చూసి ఓడను ఒడ్డుకేసి తోలి బురదలో కూర్చోబెడతారు. ముందు ఫర్నిచర్, దీపాలు, గంటలు, ఇత్తడి సామాను వేలానికి పోతాయి. తర్వాత గ్యాస్ కట్టర్లతో పైనుంచి కిందికి కోసుకుంటూ వస్తారు. ప్రొపెల్లర్ కంచుకు, గొట్టాల రాగికి మంచి ధర. ఇనుప రేకులు రీ-రోలింగ్ మిల్లులకు వెళ్లి ఇళ్ల స్లాబుల్లో వేసే కడ్డీలవుతాయి. ఈ పని చేసేవాళ్ల కష్టం డెక్ ప్రయాణికుల కష్టానికి ఏమీ తీసిపోదు. అది వేరే వ్యాసం రాయాల్సినంత విషయం.

రజులా తర్వాత ఆ దారిని ఎంవీ చిదంబరం అందుకుంది. ఫ్రెంచి ఓడ పాశ్చర్‌ను షిప్పింగ్ కార్పొరేషన్ కొని, ఆ పేరు పెట్టి నడిపింది. 1984 ఫిబ్రవరిలో నడి సముద్రంలో అందులో మంటలు లేచి దాదాపు 40 మంది చనిపోయారు. ఆ మరుసటి ఏడాదికి మద్రాసు - సింగపూర్ ప్రయాణికుల ఓడల కాలం ముగిసిపోయింది. చిదంబరం రజులా కంటే నలభై ఏళ్లు చిన్నది, వేగమైనది, ఎయిర్ కండిషనింగ్ ఉన్నది. అయినా ఇరవై ఏళ్లు నిండకుండానే పోయింది.

రజులాను మ్యూజియంగా చూసే అవకాశం ఎప్పటికీ లేదు. కాగితాలు మాత్రం ఉన్నాయి. పీ అండ్ ఓ, బ్రిటిష్ ఇండియా కంపెనీల పాత రికార్డులు లండన్‌లోని గ్రీనిచ్ నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. వలసలకు సంబంధించిన ప్రభుత్వ ఫైళ్లు ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లోనూ, చెన్నై ఆర్కైవ్స్‌లోనూ చూడవచ్చు. మీ ఇంట్లో తాతముత్తాతలెవరైనా మలయా వెళ్లి ఉంటే, ట్రంకు పెట్టెలో పాత పాస్‌పోర్టు ఉందేమో వెతకండి. దానిమీద ఏ రేవులో ఏ తేదీన ముద్ర పడిందో చూడండి. ఆ రేవు నాగపట్నమో మద్రాసో అయి, తేదీ 1926కూ 1973కూ మధ్యదైతే, మీవాళ్లు ఎక్కింది రజులానే కావచ్చు. ఓడ పేరు కూడా ఎక్కడైనా రాసి ఉంటే ఆ పేజీని ఫొటో తీసి దాచుకోండి.